ట్యాంకు మాత్రం ఇంటికి

నా భార్య దాక్షాయణి పోయిన రోజు గురువారం. పొద్దున తొమ్మిదిన్నరకు జొన్నలు మర పట్టించడానికి బండి మీద వెళ్ళింది. మర ఎదుట నీడ చూసి బండికి సెంటర్ స్టాండు వేసి, పెట్రోలు కట్టేసి, సంచి లోపలికి ఇచ్చి, బల్ల మీద కూర్చుంది. మరవాడు పిండి తూచి పిలిస్తే పలకలేదు. నన్ను పిలవడానికి వచ్చిన మనిషి, “అక్క కూర్చునే ఉంది మేష్ట్రే, మాట్లాడటం లేదు” అన్నాడు. నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను.

మర్నాడు అన్నీ అయ్యాక సాయంత్రం దాదాపీర్ బండి తెచ్చాడు. అతను మెకానిక్కు. ఆ బండిని ఒక్క తన్నుతో స్టార్ట్ చేయగలవాళ్ళు మా ఊళ్ళో దాక్షాయణి తర్వాత అతనొక్కడే. మర నుంచి మా ఇంటికి రెండు కిలోమీటర్లు. అయినా స్టార్ట్ చేయలేదు, తోసుకుంటూ వచ్చాడు. భ్రమర బండ్లు నడిపేవాళ్ళలో అదొక పద్ధతి. మనిషి పోయాక, బండి ఎవరిదో తేలేదాకా ఇంజను మోగించరు. వసారాలో నిలబెట్టి, మెడ మీద చెమట తుడుచుకుని, “పిండి సంచి కూడా తెచ్చినాను మేష్ట్రే” అన్నాడు. జొన్నరొట్టె చేయడం నాకు రాదు. ఆ మాట అతనికి చెప్పలేదు.

భ్రమర మా హరిహరలో తయారైన మోటారు సైకిలు. తుంగభద్ర వంతెనకు ఇవతల ఫ్యాక్టరీ ఉండేది. మూతపడి పాతికేళ్ళు దాటింది. అందులో దాక్షాయణి పద్దెనిమిదేళ్ళు గీతల సెక్షనులో పనిచేసింది. ట్యాంకు అంచున సన్నని బంగారు గీత, మధ్యలో కన్నడంలో ‘భ్రమర’ అన్న పేరు, రెండూ చేత్తో కుంచె పట్టి వేసేవాళ్ళు. ఆరుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు ఆ పనికి. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి, పేరు కిందుగా సాగి, మొదటి అక్షరం దాటి ఆగాలి. ఆ తోక గీసేటప్పుడు ఊపిరి బిగపట్టాలి. ఆరుగురివీ ఆరు రకాల తోకలు. మావాళ్ళు దూరం నుంచి ట్యాంకు చూసి ఇది ఫలానా ఆమె చెయ్యి అని చెప్పేస్తారు. దాక్షాయణి గీసిన తోక చివర కొంచెం పైకి లేస్తుంది. పెళ్ళైన కొత్తలో ఎందుకలా అని అడిగాను. “అక్కడికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, తొందరపడతాను” అంది.

ఉద్యోగుల కోటాలో తనూ ఒక బండి కొనుక్కుంది. దాని ట్యాంకు తనే రాసుకుంది. నేను బండి నేర్చుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు వెనకే కూర్చున్నాను. రోజూ పొద్దున నన్ను హైస్కూలు గేటు దగ్గర దించి ఫ్యాక్టరీకి వెళ్ళేది. పిల్లలు గోడ మీద నుంచి చూసి, “పార్సిల్ వచ్చిందిరో” అనేవాళ్ళు. నేను విననట్టు నడిచేవాణ్ణి. ఆమె విని, “సంతకం పెట్టి తీసుకోండి” అనేసి వెళ్ళిపోయేది. ఆ తరువాత క్లాసులో వాళ్ళను నిశ్శబ్దంగా ఉంచడానికి నాకు పది నిమిషాలు పట్టేది.

ఫ్యాక్టరీ మూతపడిన కొన్నేళ్ళకు విడిభాగాలు దొరకడం ఆగిపోయింది. అప్పుడు భ్రమర నడిపే మావాళ్ళే క్లబ్బుగా చేరి ఒక దారి చూసుకున్నారు. మనిషి పోయి, ఆ ఇంట్లో నడిపేవాళ్ళు లేకపోతే, బండి అమ్మరు. మూడు నెలలు ఆగి, దాదాపీర్ షెడ్డులో గోనెపట్టాలు పరిచి, దాన్ని విప్పి, ఏ బండికి ఏది కావాలో అది ఇస్తారు. దాన్ని పంపకం అంటారు. ట్యాంకు మాత్రం ఎవరికీ ఇవ్వరు. పేరు దాని మీదే ఉంటుంది కనుక అది ఇంటికి వెళ్ళాలి. పోయిన శరణప్పగారి ట్యాంకు వాళ్ళింట్లో టీవీ పక్కన ఉంది. కొట్రేశి వాళ్ళమ్మ అతని ట్యాంకుకు రోజూ విభూతి పెడుతుంది.

పంచిన భాగాన్ని ఆ తర్వాత భాగం పేరుతో ఎవరూ పిలవరు. “ఇవాళ శరణప్ప సరిగ్గా తాగడం లేదు” అంటే కార్బరేటర్ పట్టేసిందని అర్థం. “కొట్రేశే లేకపోతే ఆగుంబె ఘాట్ రోడ్డు ఎక్కేవాణ్ణి కాదు” అంటే కొట్రేశి బండి క్లచ్చు గట్టిదని.

దాక్షాయణి బండిలో ఇంజను తిప్పే క్రాంకు బాగుంది, గేర్‌బాక్సు బాగుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. మాకు పిల్లలు లేరు, నాకు బండి రాదు. అదీ అందరికీ తెలుసు. క్లబ్బు ప్రెసిడెంటు హాలేశప్ప బండి క్రాంకు విరిగి పదకొండు నెలలుగా గోడకు ఆనుకుని ఉంది. తాలూకా ఆసుపత్రిలో నర్సుగా ఉన్న నాగవేణి తన తండ్రి బండి నడిపేది. దాని మూడో గేరు వేసిన వెంటనే బయటికి దూకుతోంది. మూడు నెలలు దాటి నాలుగో నెల వచ్చినా ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు. హాలేశప్ప ప్రతి సోమవారం వచ్చి, వసారాలో బండికి వీపు తిప్పి కూర్చుని, వానల గురించి మాట్లాడి వెళ్ళేవాడు. నాగవేణి ఆదివారాలు బస్సులో వచ్చి నాకు రొట్టెలు చేసిపెట్టేది.

“బస్సే హాయి మేష్ట్రే. కిటికీ పక్కన సీటు దొరికితే మహారాణిలా వస్తాను.”

“నీకు బస్సు పడదు కదమ్మా.”

“ఎవరన్నారు?”

“మీ నాన్న. చిన్నప్పుడు బస్సెక్కితే కండక్టరు చొక్కా మీద కక్కేదానివట.”

“పోతూ పోతూ నా పరువు ఊరంతా పంచిపెట్టి పోయినాడు మహానుభావుడు” అంది, రొట్టె తిప్పుతూ.

పంపకం ఎప్పుడని ఆమె అడగలేదు. అడిగితే నేనేం చెప్పేవాణ్ణో నాకు తెలుసు. విప్పితే ఆ బండి పదిళ్ళకు వెళుతుంది, ఆమె పేరుతో ఊళ్ళో తిరుగుతుంది. మంచిదే. ఆ మంచి నాకు అప్పుడు అక్కర్లేదు. బండి విప్పకుండా మా వసారాలో ఉండాలి. అంతకు మించి నాకు కోరిక లేదు.

అలాంటప్పుడు గురుగావ్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి కంపెనీ ఒకటి భ్రమర హక్కులు, డ్రాయింగులు కొనుక్కుంది. క్లబ్బులో చదవడం రాయడం నా పని కాబట్టి, ఆదివారం షెడ్డులో అందరి ముందు ఆ ఇంగ్లీషును కన్నడంలో చెప్పాను. వచ్చే ఏడు కొత్త బండ్లు వస్తాయి. పాత బండ్లకు కూడా క్రాంకు నుంచి నట్టు దాకా అన్ని భాగాలూ కొత్తగా చేసి ఇస్తారు. అయితే ‘భ్రమర’ అన్న పేరు బయటి రాష్ట్రాలవాళ్ళ నోరు తిరగదు కనుక ఇక మీదట బండి పేరు ‘బ్రాక్స్’. బెంగళూరులో పండగలా చేసే రోజున మన పాత బండ్లు ట్యాంకుల మీద ఆ కొత్త పేరు పెట్టుకుని ముందు వరసలో నిలబడాలి. క్లబ్బు పేరు కూడా మార్చుకోవాలి. ఇందుకు మనం ఒప్పుకుంటేనే విడిభాగాల పని మొదలవుతుంది.

మరమరాలు, బజ్జీల పొట్లాలు చేతులు మారాయి.

“బ్రాక్స్” అని హాలేశప్ప ఆ మాటను నోట్లో తిప్పి చూసుకున్నాడు. “పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు. వారంలో దగ్గు పోతుంది.”

“నవ్వండి నవ్వండి” అన్నాడు దాదాపీర్. “క్రాంకు లేక గోడకు ఆనించినవాడే ముందు నవ్వుతున్నాడు చూడు.”

“గోడకు ఆనినా భ్రమరే ఆనింది దాదా. దగ్గుమందు కాదు.”

నాగవేణి మిరపకాయ బజ్జీ పొట్లంలోనే వదిలేసి దాదాపీర్ వైపు తిరిగింది. “కాకా, నిజం చెప్పు. ఇట్లా ఎన్నేళ్ళు పంచుకుంటాం? ముప్పై ఒక్క బండ్లు ఉన్నాయి. తర్వాత ఇరవై, తర్వాత పది. చివరికి ఒకే బండి మిగులుతుంది. అందులో మనందరి నాన్నలూ ఉంటారు. నడపడానికి మనిషి ఉండడు.”

ఓటు పెడదామన్నారు. మా క్లబ్బులో ఓటు మనిషికి కాదు, బండికి. వెంటనే తగువు మొదలైంది.

“మరి శరణప్ప ఓటు ఎవరిది? కార్బరేటర్ నా దగ్గరుంది.”

“మాగ్నెటో నా దగ్గరుంది. నిప్పు పుట్టించేది అదే. ఓటు నాది.”

“తాగడానికి లేనివాడు నిప్పు పెట్టుకుని ఏం చేస్తాడయ్యా?”

“ఆగండి” అన్నాడు దాదాపీర్. “పోయినవాళ్ళ ఓటు ట్యాంకున్న ఇంటిది. పై ఆదివారం వాళ్ళనూ పిలవండి. కంపెనీ మనిషి కూడా వస్తాడంట.” తరువాత నా వైపు చూడకుండా, “అక్క బండికి మేష్ట్రు చెప్పాలి” అన్నాడు.

వచ్చే వారం చెబుతానన్నాను. ఒప్పుకుందామని అప్పటికే అనుకున్నాను. కొత్త క్రాంకు, కొత్త గేర్లు వస్తే మా బండిని ఎవరూ విప్పక్కర్లేదు. నాగవేణి అన్నది సబబైన మాట. నా కారణం మాత్రం అది కాదు.

పై ఆదివారం దాదాపీర్‌తో చెప్పి బండిని షెడ్డుకు తోయించాను. నలభై మంది దాకా చేరారు. శరణప్పగారి భార్య బసమ్మ ఆటోలో ట్యాంకును శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. “ట్యాంకుకే ఓటంట కదా. ఇదిగో, దీన్నే అడిగి రాసుకోండి” అని బల్ల మీద పెట్టింది.

కంపెనీ నుంచి వచ్చిన కుర్రవాడి పేరు కేతన్. పాతికేళ్ళు దాటి ఉంటాయి. గుమ్మం దగ్గర మా చెప్పులు చూసి తనూ బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. అతనిది హిందీ. పక్కన ఎవరో కన్నడంలో, “శరణప్ప పొద్దుట్నుంచీ కారుతూనే ఉన్నాడు, కాస్త చూడు దాదా” అన్నారు. అదేమిటని అతను అడిగితే దాదాపీర్ ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాడు. కేతన్ మొహంలో దిగులు కనిపించింది. “ఆయనకు ఒంట్లో బాలేదా? పెద్దాయనా? బెంగళూరుకు రాలేకపోతే మేం కారు పంపిస్తాం.”

దాదాపీర్ ఆ మాటను బసమ్మకు చెప్పాడు. ఆమె ట్యాంకు మీద శాలువా సర్దింది. “పోయి ఆరేళ్ళయింది నాయనా. ఈ మధ్యే కాస్త కారుతున్నాడు.”

అందరూ నవ్వాక ఆ అబ్బాయికి పంపకం సంగతి నేను వివరించాను. అతను శ్రద్ధగా విన్నాడు. “మరి ట్యాంకు?” అని అడిగాడు. ఇంటికి వెళుతుందన్నాను. పుస్తకంలో ఏదో రాసుకోబోయి మానుకున్నాడు.

తరువాత సంచిలోంచి కొత్త పేరున్న ప్లేటు తీశాడు. మెరిసే ఉక్కు, వెనక అయస్కాంతం. పెట్టి చూపించడానికి సొట్టలు లేని ట్యాంకు కోసం షెడ్డంతా చూసి దాక్షాయణి బండి దగ్గర ఆగాడు. “దీని మీద పెట్టొచ్చా సర్?” అని నన్నే అడిగాడు. తల ఊపాను.

అక్షరాలు మూడూ ప్లేటు కింద పడ్డాయి. తోక పూర్తిగా పడలేదు. ప్లేటుకు ఎడమ అంచున, తొందరపడి పైకి లేచిన ఆ చివర మాత్రం బయట మిగిలింది. గోరంత ఉంటుంది.

“దానికేం సర్, కొంచెం రుద్ది పాలిష్ పడితే పోతుంది” అన్నాడు కేతన్. అతని తప్పేమీ లేదు. పెయింటు గురించి చెప్పాడు.

నేను ఆ చివరనే చూస్తూ నిలబడ్డాను. బండి మొత్తం ఉంచుకోవాలనుకున్నాను. ఈ ప్లేటు కింద ఉండేది ఎవరి బండి అన్నది ఆలోచించలేదు.

“తీసెయ్యి బాబూ” అన్నాను. అతను రెండు చేతులతో, గీత పడకుండా తీశాడు.

“దాదా, అక్క బండి ఓటు భ్రమరకు. రాసుకో. తరువాత గోనెపట్టాలు పరుచు.”

“ఇవాళేనా మేష్ట్రే?”

“ఇవాళే.”

చేతులెత్తించి లెక్కపెట్టారు. బండ్లూ ట్యాంకులూ కలిపి ముప్పై ఎనిమిది. ఇరవై ఏడు పాత పేరుకు, పదకొండు కొత్త పేరుకు. నాగవేణి కొత్త పేరుకే చెయ్యెత్తింది. ఎత్తేముందు నా దగ్గరికి వచ్చి చెప్పింది.

“కోపం తెచ్చుకోకండి. నాకు నాన్న బండి నడవాలి. ట్యాంకు మీద ఏం రాసుంటే ఏం?”

“నువ్వన్నది తప్పు కాదమ్మా” అన్నాను. నిజంగానే అన్నాను.

విప్పేముందు ఒక్కసారి ఇంజను మోగించాలి. కిక్కు కొట్టేది ఇంటివాళ్ళే. ఆ సంగతి నాకు ముందే తెలుసు గాని అది నా దాకా వస్తుందని తోచలేదు. దాదాపీర్ పెట్రోలు తెరిచాడు. నేను కాలు పెట్టి తన్నాను. ఏమీ కాలేదు. మళ్ళీ తన్నాను.

“కాలితో కాదు మేష్ట్రే. లేచి నిలబడి బరువు వేయండి.”

“ఆయనకు బరువెక్కడిదిరా. అక్క వెనక కాగితంలా ఎగిరేవాడు.”

“నోరు ముయ్యి హాలేశి.”

అయిదోసారి చెప్పు జారిపోయింది. నాగవేణి వంగి దాన్ని నా కాలికి తొడిగింది. ఎనిమిదోసారి మోగింది. తెల్లటి పొగ, కాలిన నూనె వాసన, రోజూ పొద్దున ఎనిమిదీ ఇరవైకి నేను వినే ఆ చప్పుడు. నాకు తెలియకుండానే బండి వెనక వైపుకు జరిగి నిలబడ్డానట. బసమ్మ తరువాత చెప్పింది.

ఇలాంటప్పుడు ఇంజనును తాళం తిప్పి ఆపరు. పెట్రోలు కట్టేస్తారు. లోపల ఉన్నంత తాగి, అదే ఆగుతుంది. దాదాపీర్ వంగి కట్టేశాడు. రెండు నిమిషాలు నడిచింది. ఆగబోయే ముందు ఒకసారి వేగం పెరిగింది, ఎప్పుడూ అలాగే పెరుగుతుందట. తరువాత ఆగింది. కేతన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికి అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మూడింటికల్లా విప్పడం అయింది. క్రాంకు హాలేశప్పకు ఇచ్చారు. పొద్దుట్నుంచీ అందరినీ ఆటపట్టించిన మనిషి దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గేర్‌బాక్సు దగ్గర నాగవేణి వెనక్కి తగ్గింది.

“నేను అటు చెయ్యెత్తాను కదా కాకా. ఏ మొహం పెట్టుకుని తీసుకోను?”

“పంపకానికీ ఓటుకూ లంకె లేదు తల్లీ. నీ మూడో గేరు నిలబడటం లేదు. అక్కది నిలబడుతుంది. పట్టుకో.”

ఆమె నా వైపు చూసింది. నేను లేచి వెళ్ళి గేర్‌బాక్సును రెండు చేతులా ఎత్తి ఆమెకు ఇచ్చాను. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఇద్దరి చేతులకూ నల్లగా నూనె అంటింది. “ఇక మీ దాక్షాయణక్క నాతో ఆసుపత్రికి నైట్ డ్యూటీలు చేస్తుంది, చూస్తూ ఉండండి” అంది.

ట్యాంకు నేను ఇంటికి తెచ్చుకున్నాను. నిఘంటువులు పెట్టుకునే బల్ల మీద ఉంది. పేరున్న వైపు కిటికీకి ఎదురుగా పెట్టాను. వసారా ఖాళీగా ఉంది. నేల మీద నూనె మరక ఉంది, కడగలేదు.

ఆ రోజు పోయేముందు కేతన్ బూట్లు తొడుక్కుంటూ నాతో ఒక మాట అన్నాడు. “నేను వెళ్ళి చెబితే మావాళ్ళకు ఇరవై ఏడు, పదకొండు అన్న అంకెలే మిగులుతాయి సర్. మీరొక ఉత్తరం రాయండి. పేరు ఎందుకు వద్దంటున్నారో రాయండి. పేరు మార్చకుండానే విడిభాగాలు ఇమ్మని అడగండి. పైవాళ్ళ చేతికి నేనే ఇస్తాను. ఇస్తారని మాట ఇవ్వలేను.”

“నాలుగు ముక్కలు చాలు మేష్ట్రే” అన్నాడు హాలేశప్ప. “మీకెంత పని.”

నాగవేణి అన్నట్టు ఒకే బండి మిగిలే రోజు రాకుండా ఉండాలంటే ఆ ఉత్తరం వెళ్ళాలి. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పాను. ఊరు, తేదీ, సంబోధన, విషయం, ఆ తరువాత చెప్పదలచుకున్నది. ఇది జరిగి అయిదు వారాలయింది. హాలేశప్ప బండి నడుస్తోంది. నాగవేణి ఆదివారాలు బండి మీదే వస్తోంది. ఉత్తరంలో తేదీ మూడుసార్లు మార్చాను. విషయం అన్నచోట ‘బండి పేరు గురించి’ అని రాశాను. దాని కింద ఇంకా ఏమీ రాయలేదు.